సాధించవలసిన భవిష్యత్తు

రేపు ఏమి జరుగుతుందో నాకు తెలుసా?

ఈ ప్రశ్న నాకు నేను వేసుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. వేసుకోవలసిన రోజున నా ముందు ఒక ఫారం ఉంది. ఫారం ముందున్నప్పుడు మనిషి ప్రశ్నలు వేసుకోడు, గడులు నింపుతాడు.

నేను జిల్లా ముందుచూపు అధికారిని. అంతకు ముందు ఇరవై రెండేళ్లు గణాంక శాఖలో పనిచేశాను. అంటే, జరిగిపోయినవాటిని లెక్కపెట్టాను. కిందటి ఏడాది చివర రాజధానిలో రెండు రోజుల సదస్సు జరిగింది. పాలన వెనక్కి కాదు, ముందుకు చూడాలని అక్కడ నిపుణులు చెప్పారట. మూడో రోజున ముందుచూపు సంచాలక కార్యాలయం ఏర్పడింది. నాలుగో రోజున నాకు బదిలీ ఉత్తర్వు అందింది. గది మారలేదు, కుర్చీ మారలేదు. గోడ వైపు ఉన్న కుర్చీని కిటికీ వైపు తిప్పి వేశారు.

శిక్షణ తరగతిలో సంచాలకులు పురంధర వర్మ గారు మార్గదర్శకాలు చదివి వినిపించారు.

"రానున్న సంవత్సరంలో తమ తమ జిల్లాలలో సంభవించనున్న రాజకీయ, ఆర్థిక పరిణామాలను ప్రతి అధికారీ ఇరవై నాలుగు అంశాలుగా క్రోడీకరించి సమర్పించవలెను. శుభాశుభముల నిష్పత్తి మూడుకి ఒకటి. అన్నీ శుభాలే రాస్తే ముఖస్తుతి అంటారు. అన్నీ అశుభాలే రాస్తే వేరే శాఖ వారు మీ ఇంటికి వస్తారు."

పంచాంగకర్తకు ఈ ఇబ్బంది లేదు. ఆయన రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు అని రాసి హాయిగా దక్షిణ పుచ్చుకుంటాడు. ప్రభుత్వం తనకు తాను అలా రాసుకోలేదు.

చివరగా తొమ్మిదో పేరా చదివారు. "అంచనా వేసిన అధికారి స్వయంగా, సదరు అంశము తనకు తెలియక రాసినదని లిఖితపూర్వకముగా ధ్రువీకరించిన యెడల ఆ అంశము రద్దగును. అట్టి అధికారి ముందుచూపు విభాగమున కొనసాగుటకు అనర్హుడగును." తల ఎత్తి చిన్నగా నవ్వారు. "ఇది మార్గదర్శకాల సంపూర్ణత కోసం చేర్చినది. ఉపయోగించడానికి కాదు."

అందరం నవ్వాము. నేనూ నవ్వాను.

సాయంత్రాలు తత్త్వగ్రంథాలు చదువుకునే అలవాటు నాకుంది. కాలానికి నిజంగా ఉనికి ఉందా, లేక అది మన చూపులోని లోపమా అన్న చర్చను నెలల తరబడి ఇష్టంగా చదివాను. ఆ చర్చ ఒక్కసారి కూడా నా కార్యాలయంలోకి నాతోపాటు రాలేదు. గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచేవాణ్ణి కాబోలు.

నివేదికకు కొత్త ఫారాలు ముద్రణాలయం నుంచి రాలేదు. మా సూపరింటెండెంట్ చయనులు గారు స్టోరు గదిలో వెతికి, మొక్కల పెంపకం కార్యక్రమానికి ఎప్పుడో అచ్చువేయించిన రెండు వేల ఫారాలు బయటికి తీయించారు. ఆయన పొదుపరి, నియమపాలకుడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క గుండుసూదిని కూడా వంకర పోనివ్వలేదు.

"వృథాగా పోతున్నాయండి. 'మొక్కలు' అన్న మాట కొట్టేసి 'పరిణామాలు' అని రాస్తే సరిపోతుంది" అన్నారు.

అలాగే కొట్టేశాం. శీర్షిక "ఈ సంవత్సరం నాటవలసిన మొక్కలు" అని ఉండేది. "ఈ సంవత్సరం నాటవలసిన పరిణామాలు" అయింది. మిగతా గడులను ముట్టుకోలేదు. వరుస సంఖ్య, లక్ష్యం, ప్రదేశం, సాధించినది, శాతం. మా నమూనా చక్కగా ఉందని సంచాలకులు మెచ్చుకొని, అన్ని జిల్లాలకూ పంపించారు.

పద్దెనిమిది శుభాలు రాయడం కష్టం కాలేదు. నాలుగేళ్లుగా ప్రకటనల్లో ఉన్నవే రాశాను. ఇంటింటికీ తాగునీరు, ఇరవై నాలుగు గంటల్లో కొత్త విద్యుత్ కనెక్షన్, అలాంటివి. అశుభాలు ఆరూ కొంచెం ఆలోచించి, శుభాల మధ్య అక్కడక్కడ రాశాను. ఆగస్టులో ఉల్లి ధర కిలో ఎనభై రూపాయలకు చేరగలదు. ఒక మునిసిపల్ చైర్‌పర్సన్ రాజీనామా చేయగలరు. నలుగురు కౌన్సిలర్లు పార్టీ మారగలరు. బస్సు కార్మికులు రెండు రోజులు సమ్మె చేయగలరు. ఒక సహకార సంఘం ఎన్నిక వాయిదా పడగలదు. పదిహేడో వరుసలో, ఒక చిన్న పరిశ్రమ మూతపడగలదు.

"ప్రదేశం గడి ఖాళీగా ఉందండి. ఖాళీ గడులున్న ఫారం తిరిగి వచ్చేస్తుంది" అన్నారు చయనులు గారు.

బల్ల మీద ఒక సుద్దముక్కల పెట్టె ఉంది. వరండాలోని నల్లబల్ల మీద ప్రగతి శాతాలు రాయడానికి తెప్పించినది. దాని మీద నీలిరంగులో ఇలా ఉంది: "మహిళా సహకార సుద్దముక్కల కర్మాగారం, రేగిమెట్ట."

నేను "రేగిమెట్ట" అని రాశాను. కలం ఆగలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి కాలతత్త్వం గురించి పది పేజీలు చదివాను.

*

జూలైలో తెర మీద సమీక్షా సమావేశం జరిగింది. పదమూడు చతురస్రాల్లో పదమూడు జిల్లాల అధికారులం. మధ్యలో పెద్ద చతురస్రంలో సంచాలకులు.

"మీ జిల్లా సాధించినది సున్నా శాతం" అన్నారు నాతో. "ఆరు మాసాలు గడిచినవి. ఇరవై నాలుగు లక్ష్యములలో ఒక్కటి కూడా నాటుకొనలేదు. సంజాయిషీ?"

"సార్, అవి లక్ష్యాలు కావు. అంచనాలు" అన్నాను.

"ఫారం చూడండి."

చూశాను. లక్ష్యం అనే ఉంది.

"ఆ ఫారం మీ జిల్లా నుంచే వచ్చింది" అన్నారాయన, నొచ్చుకున్న గొంతుతో. "ప్రభుత్వం ఒక మాట ముందుగా చెప్పిన తరువాత అది జరగకపోతే, అది ప్రకృతి తప్పు కాదు. క్షేత్రస్థాయి సిబ్బంది అలసత్వం."

ఎవరో జిల్లా అధికారి, శుభాలు సాధించాలంటే నిధులు కావాలి కదా సార్ అని వినయంగా మనవి చేశారు.

"శుభములు బహువార్షిక ప్రణాళికలు. ఈ సంవత్సరపు గణనలోకి రావు. అశుభములకు నిధులు అవసరం లేదు, సంకల్పం చాలు. డిసెంబరు ముప్పై ఒకటిలోగా అశుభములు నూరు శాతం పూర్తి చేసిన అధికారికి 'ద్రష్ట' బిరుదు, సంయుక్త సంచాలక పదవి."

ఆ పదవికి వరుసలో ముందున్నవాణ్ణి నేను. ఈ సంగతి దాచడం న్యాయం కాదు.

*

ఆగస్టులో రైతుబజారుకు వెళ్లాం. ఉల్లి కిలో ముప్పై నాలుగు పలుకుతోంది. పంట బాగా వచ్చింది; అది కూడా క్షేత్రస్థాయి అలసత్వమే అనుకోవాలి. అమ్మకందారుల సంఘం పెద్ద అప్పలస్వామికి చయనులు గారు నోటీసు చదివి వినిపించారు.

అప్పలస్వామి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పోయినేడు ధర పెంచితే కేసు రాసేత్తామని బోర్డు కట్టినారు. ఇప్పుడు పెంచకపోతే కేసంటున్నారు. ఇంతకీ మమ్మల్నేటి సెయ్యమంటారు సార్?"

"ముప్పై ఒకటో తేదీన, ఒక్క పూట, ఎనభై" అన్నాను.

"ఎనభయ్యంటే ఎవుడు కొంతాడు?"

"నేను కొంటాను" అన్నారు చయనులు గారు.

కొన్నారు. ఎనభై రూపాయల రసీదు తీసుకొని, ఫైలులో చేర్చి, ఉల్లిపాయల సంచిని కూడా సాక్ష్యంగా బీరువాలో పెట్టి తాళం వేశారు. సెప్టెంబరు మధ్యకల్లా ఆ అంశం నెరవేరినట్టు ఆఫీసు మొత్తానికీ వాసన తెలిసింది.

బస్సు కార్మికుల నాయకుడు సింహాద్రి ఇంకా కష్టపెట్టాడు.

"సమ్మె సెయ్యనాకి మాకు డిమాండ్లేవీ లేవండి. జీతాలు మొన్ననే పెంచినారు కదేటి."

"డిమాండ్లు మేము సమకూరుస్తాం. తమరు సమ్మె చేయండి చాలు" అన్నాను.

"ఏటి, డిమాండ్లు కూడా గవర్నమెంటే ఇత్తాదా?" సింహాద్రి కాసేపు ఆలోచించాడు. "అయితే బోనసు గూడా రాయండి."

రాశాం. రెండు రోజుల సమ్మె ప్రశాంతంగా జరిగింది. ఆ బోనసు డిమాండు ఇప్పటికీ పరిశీలనలో ఉంది.

చైర్‌పర్సన్ దమయంతి గారు రాజీనామాకు వెంటనే ఒప్పుకోలేదు. ఆమె రాజకీయాలు తెలిసిన మనిషి.

"అరగంటలో వెనక్కి తీసుకోవచ్చంటున్నారు, బాగానే ఉంది. ఆ అరగంటలో మా వైస్ చైర్మన్ ఆ కుర్చీలో కూర్చుంటే లేపేదెవరండీ? పోయినసారి నేను తుమ్మడానికి బయటికెళ్తేనే కూర్చున్నాడు."

దీనికి కూడా పరిష్కారం దొరికింది. ఆ ఉదయం వైస్ చైర్మన్‌ను ఆరోగ్య శాఖ వారు పరగడుపు రక్తపరీక్షకు పిలిచారు. ఆమె పదకొండుకు రాజీనామా చేశారు; పదకొండున్నరకు ఉపసంహరించుకున్నారు. మధ్యలో నలుగురు కౌన్సిలర్లు పార్టీ మారి, టిఫిన్ చేసి, తిరిగి వచ్చారు. సహకార సంఘం ఎన్నికను వాయిదా వేయడానికి మాత్రం ఎవరినీ బతిమాలనక్కర లేకపోయింది.

నవంబరు ఆఖరుకు ఆరింట ఐదు పూర్తయినవి. చయనులు గారు వరండాలోని నల్లబల్ల మీద "83" అని గుండ్రంగా, అందంగా రాశారు. మేము రాష్ట్రంలో రెండో స్థానంలో ఉన్నాం. మొదటి స్థానంలో ఉన్న జిల్లా అధికారి తన ఆరో అంశంగా ఒక వంతెన గురించి రాశారని విన్నాను. వివరాలు అడగలేదు.

పదిహేడో వరుస మిగిలింది.

అరగంట సేపు మూస్తే సరిపోదా అని సంచాలకులకు లేఖ రాశాను. సరిపోదని జవాబు వచ్చింది. "మూతపడుట అనగా విద్యుత్ మీటరు విప్పి తెచ్చినట్లు ఇంజనీరు ధ్రువపత్రము." తరువాత మళ్లీ కనెక్షన్ కావాలంటే కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. కొత్త కనెక్షన్ ఇరవై నాలుగు గంటల్లో వస్తుందని రాసినది నేనే; అది శుభాంశం కనుక గణనలో లేదు. నిజానికి ఏడాదిన్నర పడుతోంది. సోమవారం ఉదయం మీటరు విప్పడానికి మనుషులు వెళ్తారని ఇంజనీరు కబురు చేశారు. ఆయనకు కూడా సాధించవలసిన శాతం ఏదో ఉంది.

శుక్రవారం ఉదయం నేను రేగిమెట్ట వెళ్లాను. ఎందుకు వెళ్లానో అప్పుడు స్పష్టంగా తెలియదు. పరిశీలన కోసమని టూర్ డైరీలో రాశాను.

*

కర్మాగారం అంటే ఒక పొడవాటి రేకుల షెడ్డు, ఒక ఆరుబయలు. పంతొమ్మిది మంది ఆడవాళ్లు పని చేస్తున్నారు. తెల్లపొడి నీళ్లలో కలిపే యంత్రం ఒకటి తిరుగుతోంది. ఆ పిండిని ఇత్తడి అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక తట్టి, చెక్కపలకల మీద వరుసగా పేర్చి ఎండబెడుతున్నారు. వాళ్ల కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. జిల్లాలో సగం బడులకు సుద్దముక్కలు ఇక్కడి నుంచే వెళ్తాయి. ఏ పిల్ల ఏ అక్షరం దిద్దినా అందులో వీళ్ల చేతి పొడి ఉంటుంది. ఈ సంగతి నాకు ఆ పెట్టె మీద చదివిన రోజు తట్టలేదు.

సంఘం అధ్యక్షురాలు పైడమ్మకు యాభై ఏళ్లుంటాయి. చేతులు దులుపుకొని, నాకు స్టూలు వేసి, తాను అచ్చుల పెట్టె మీద కూర్చుంది.

"సోమారం మీటరు ఇప్పేత్తామని లైనుమేను సెప్పినాడు బాబూ. బిల్లు బాకీ లేదు, రసీదులన్నీ సూపించినాను. 'బిల్లు గురించి కాదు, పైనించి రాసుంది' అన్నాడు. తమరు పెద్దోరు. పైనించి ఏటి రాసుందో సెప్పండి."

"ఈ ఏడు రేగిమెట్టలో ఒక పరిశ్రమ మూతపడుతుందని రాసుంది."

"మాది సూసి రాసినారా?"

"చూడలేదు."

"నష్టాల్లో ఉన్నామని ఎవురైనా సెప్పినారా?"

"లేదు."

"సోది సెప్పించినారేటి?"

వెనక ఎవరో నవ్వారు. పైడమ్మ నవ్వలేదు.

"పోనీ, ఎవురు రాసినారు బాబూ?"

"నేనే" అన్నాను.

యంత్రం తిరుగుతూనే ఉంది. ఆమె నా వైపు కోపంగా చూడలేదు. చిల్లర తప్పుగా ఇచ్చిన కొట్టువాడి వైపు చూసినట్టు చూసింది.

"ఎందుకు రాసినారు?"

ఇరవై మూడేళ్ల సర్వీసులో ఎన్నో సంజాయిషీలు రాశాను. కాలం, కారణం, కార్యం గురించి ఎన్నో చదివాను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు మూడు మాటలే.

"గడి ఖాళీగా ఉంది."

"ఓయమ్మ" అంది పైడమ్మ, మెల్లగా. తరువాత వెనక్కి తిరిగి, "ఇన్నావేటే నరసమ్మా, ఆరి గడి కాళీగా ఉందంట. అది నింపనాకి మన మూకుళ్లు కాళీ సెయ్యాలంట" అంది. మళ్లీ నాతో, "రోజూ సందేలకి మూసేత్తాం, పొద్దున్నే తీత్తాం. ఆ మూత సరిపోదేటి?"

"సరిపోదు. అడిగాను."

"మరి తమరికి ముందు జరిగేది తెలుత్తాదన్నారు కదా. మీటరు ఇప్పేసినాక ఈ పందొమ్మిది మందీ ఏటవుతారో అదీ రాసినారా?"

"దానికి గడి లేదు."

"అది కూడా తెలీదన్నమాట" అంది. లేచి, ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "మీ ఆఫీసుకి ఈ నెలకి రావలసిన పెట్టె. వచ్చే నెల నుంచి ఎక్కడ కొనుక్కుంతారో అది తమరే సూసుకోవాల."

రసీదు రాసి ఇచ్చి, సంతకం పెట్టించుకుంది. మీటరు విప్పబోతున్నవాడికి కూడా ఆమె సరుకు ఆపలేదు.

*

మధ్యాహ్నం మూడున్నరకు ఆఫీసులో కూర్చున్నాను. కుర్చీ కిటికీ వైపే ఉంది. కిటికీ బయట సైకిళ్ల షెడ్డు తప్ప నాకు ఏనాడూ ఏమీ కనిపించలేదు. మొదట చెప్పిన ప్రశ్న అప్పుడు వేసుకున్నాను. జవాబుకు క్షణం కూడా పట్టలేదు. అంత దగ్గరగా ఉన్న జవాబు కోసం ఇన్నేళ్లు ఇన్ని గ్రంథాలు ఎందుకు తిరగేశానో తెలియదు. బహుశా దాన్ని చూడకుండా ఉండటానికే.

సంచాలకులకు ఫోను చేసి, తొమ్మిదో పేరా ఉపయోగించదలచానని చెప్పాను.

"అనగా, తమకు తెలియదని రాసి ఇస్తారా?"

"అవును సార్."

"అలా రాయకూడదు. తెలియదన్నది శాఖాపరమైన రహస్యం." గొంతు తగ్గించారు. "ఒక్క మీటరు. ఒక్క మీటరు విప్పితే మీరు సంయుక్త సంచాలకులు. శాలువా కూడా కొన్నాం. దాని మీద పేరు కుట్టించేశారు."

"ఎవరి పేరు సార్?"

"మీదే. ముందుచూపుతో కుట్టించాం."

నమస్కారం చెప్పి ఫోను పెట్టేశాను. చయనులు గారిని పిలిచి తెల్లకాగితం అడిగాను. ఆయన తెచ్చి ఇచ్చి, పక్కనే నిలబడి, నేను రాస్తున్నది తలకిందులుగా చదివారు. "పదిహేడవ అంశము నాకు తెలిసి రాసినది కాదు" అన్నచోట ఆయన ఊపిరి వినిపించింది.

"నా సర్వీసులో ఈ వాక్యం ఏ ఫైలులోనూ చూడలేదండి" అన్నారు.

"నేనూ చూడలేదు."

కలం ఆపాను. ఒక్క పదిహేడో అంశం తెలియదంటే, మిగతా ఇరవై మూడూ తెలుసని అర్థం వస్తుంది. అది ఇంకో అబద్ధం. "పదిహేడవ అంశము" కొట్టేసి, "ఒకటి నుంచి ఇరవై నాలుగు వరకు గల అంశములన్నియు" అని రాశాను. ఉల్లి, సమ్మె, రాజీనామా, తాగునీరు, అన్నీ. సంతకం చేసి తేదీ వేశాను.

"మన ఎనభై మూడు శాతం పోతుందండి" అన్నారు చయనులు గారు. ఆయన గొంతులో కొంత దుఃఖం ఉంది. ఆ అంకెను ఎంతో అందంగా రాశారు మరి.

"పోనివ్వండి. ఎన్ని ప్రతులు కావాలి?"

ఆయన నిటారుగా నిలబడ్డారు. నియమం కనిపిస్తే ఆయనకు బలం వస్తుంది. "సంచాలకులకు ఒకటి, కలెక్టర్ గారికి ఒకటి, ఆఫీసు ప్రతి ఒకటి. విద్యుత్ ఇంజనీరుకు ఒకటి, తక్షణ చర్య నిమిత్తం." కాస్త ఆగి, "రేగిమెట్టకు కూడా ఒకటి పంపాలండి. బాధితులకు ప్రతి ఇవ్వవలెనని నియమం ఉంది. ఎవరూ పాటించరు గానీ, ఉంది" అన్నారు.

ఐదు ప్రతులకూ ముద్ర వేసి, నంబరు వేసి ఇచ్చారు. తరువాత తనంతట తానే వరండాలోకి వెళ్లి, తడిగుడ్డతో నల్లబల్ల తుడిచారు. కొత్త పెట్టె విప్పి ఒక ముక్క తీసుకొని, శాతం అన్న మాట కింద ఏమి రాయాలో తెలియక నిలబడిపోయారు.

నాలుగూ నలభై అయింది. విద్యుత్ కార్యాలయం ఐదుకు మూస్తారు. జీపు సంచాలక కార్యాలయానిది. ఈ కాగితం మీద సంతకం పడ్డాక దాని మీద నాకు హక్కు లేదు. నడిస్తే పావుగంట. ఇంజనీరు గదిలో ఉంటారో ఉండరో, ఉన్నా కాగితం తీసుకుంటారో లేదో, సోమవారం ఎవరి మాట చెల్లుతుందో నాకు తెలియదు.

చెప్పులు వేసుకొని బయలుదేరాను.